ముల్లు దూకిన చోట

గుణుపురంలో ఆ పాటని
ఎవరూ సినిమా పేరుతో అడగరు.
"దాలినాయుడు పాటెయ్యి" అంటారు.
దాలినాయుడు మా నాన్న.
పాడలేదు, రాయలేదు.
మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు, అంతే.

రెండు బాకాలు, ఒక పెట్టె,
కొబ్బరిపీచు పరిచిన బుట్టలో పద్దెనిమిది రికార్డులు.
ముందు దేవుడి పాట,
తర్వాత చదివింపులు: ఫలానావారు అయిదు రూపాయలు,
ఆ తర్వాత అది.
అతనూ ఆమే.

కాశీనగరంలో ఎవరిదో పెళ్ళి ముగించి వస్తుంటే
చిన్న రైల్లో పైబల్ల మీంచి
అనాసపళ్ళ బుట్ట జారి
సరిగ్గా ఆ రికార్డు మీదే పడింది.
విరగలేదు. వెంట్రుకంత గీత.
ఆనాటినుంచి రెండో చరణంలో
ఆమె "నీతో" అనగానే
ముల్లు ఉలిక్కిపడి దూకేది,
దూకి, అతని గొంతులో "దాకా" దగ్గర పడేది.

నీతో. దాకా.
మధ్య ఏముందో మాకు తెలీదు.
కొత్తది కొనాలంటే విజయనగరం వెళ్ళాలి,
వెళ్ళాలంటే డబ్బుండాలి,
డబ్బుంటే ముందు బియ్యం కొనాలి.
అలా ముప్పయ్యేళ్ళు దూకింది.

ఊరు ఆ సందులోనే కాపురం పెట్టింది.
కాలేజీ కుర్రాళ్ళు "నీతో బరంపురం దాకా" అనేవారు,
టికెట్టు కొన్నంత ధీమాగా.
తెలుగు ముక్క రాని టీచరమ్మ సుభాషిణి పాణిగ్రాహి
అక్కడికొచ్చేసరికి అల్లిక సూది ఆపి
కళ్ళు మూసుకుని దాటేది,
చీర కుచ్చెళ్ళు పట్టుకుని కాలవ దాటినట్టు.
సంతకి కొండ దిగొచ్చే సవర సొంబారి
చింతపండు తూచుతూ
ఆ ఖాళీలో నాలికతో టక్కుమనేది.
ఆమె లెక్కలో అదీ పాటే.
తాగిన రోజు బండి గురువులు మాత్రం
"నీతో కాటి దాకా" అని ఏడ్చేవాడు,
బతికున్న పెళ్ళాం పక్కనే నిలబడి
చొక్కా పట్టుకు లాగుతుంటే.

మా అమ్మ గొంతు వంటింటి గడప దాటదు.
చోడి అంబలి కలుపుతూ
ఆ చోట ఒక్క మాట అనేది, మెల్లగా.
అరుగు మీద ముల్లు మారుస్తున్న నాన్న
తలెత్తేవాడు.
ఆ మాట నాకెప్పుడూ వినపడలేదు,
గరిటె చప్పుడు అడ్డమొచ్చేది.
గరిటె కావాలనే అలా తిరిగేదేమో.

ఇప్పుడు ఆ అరుగే నా సెల్లు రిపేరు కొట్టు.
చిన్న రైలు పోయి పెద్ద రైలొచ్చింది.
ఒక రాత్రి, వాన, గిరాకీ లేదు,
ఫోన్లో వెతికితే దొరికింది
పాట మొత్తం, గీత లేకుండా.
ఆమె "నీతో" అంది.
ఆగలేదు. చెప్పేసింది.
నాలుగు మాటలు. మంచి మాటలే,
బాగా చదువుకున్నాయన ఎవరో రాసినవి.
నాకెందుకో, నేను లేనప్పుడు
ఇంట్లో సామానంతా ఎవరో సర్దేసినట్టయింది.

మర్నాడు దాన్నే మెమరీ కార్డుల్లోకి ఎక్కించి అమ్మాను.
సాయంత్రానికి నలుగురు తిరిగొచ్చారు.
"ఎఇటా నుహే, భాయి," ఇది కాదు, అంది సొంబారి మనవరాలు.
"మధ్యలో ఎవరో దూరీసినారు," అన్నాడు గురువులు కొడుకు,
డబ్బులు వాపసు అడగడానికి మొహమాటపడుతూ.

పెట్టె దింపాను. దుమ్ము దులిపాను.
మా రికార్డే ఎక్కించాను,
నూనె మరిగే ఆ చరచరతో సహా.
సరిగ్గా దూకే చోట బయట ఆటో హారను కొట్టింది.
అదీ ఉంచేశాను.

నాన్నకి ఇప్పుడు చెవులు పనిచెయ్యవు.
పాట పెడితే తెలుస్తుంది,
పెట్టె చెక్క మీద అరచెయ్యి ఆనిస్తాడు.
రెండో చరణంలో వేళ్ళు పైకి లేస్తాయి,
అర క్షణం,
తల వంటింటి వైపు తిరుగుతుంది.

లోపల గ్యాసు పొయ్యి ముందు
అమ్మ పెదవులు కదులుతాయి.
నేను వంగి
కింద పడిన స్క్రూలు ఏరుకుంటూ ఉంటాను,
పడనివి కూడా.